టీవీ కుస్తీకి నెట్‌ఫ్లిక్స్ బేరం గిట్టుతుందా?

2025 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమెరికా కుస్తీ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ షోలు టీవీలో రావడం బంద్ అయింది. మార్చి 31తో సోనీ ఒప్పందం అయిపోయింది. మర్నాటి నుంచి వారం వారం వచ్చే రా, స్మాక్‌డౌన్, ఎన్ఎక్స్‌టీ, ఏటా వచ్చే రెజిల్‌మేనియా లాంటి పెద్ద షోలు నెట్‌ఫ్లిక్స్‌కు పోయాయి. ఆ వారమంతా నల్లగొండలో దీని గురించి ఎవరైనా మాట్లాడతారేమోనని చెవులు రిక్కించి చూశాను. టీ హోటల్ దగ్గర లేదు, ఆఫీసులో లేదు. మా కేబుల్ అన్న ఒక్కడే అన్నాడు: "పిలగాండ్లు రెండు దినాలు ఫోన్లు చేసిండ్రు అన్నా, ఎందుకొస్తలేదని. తర్వాత వాళ్ళే ఊకున్నరు." నాకు టెన్షన్ పెట్టింది ఆ "ఊకున్నరు" అన్న ముక్కే. ఫోన్ చేసి తిట్టేవాడు ఇంకా ప్రేక్షకుడే. ఊరుకున్నవాడు ఇంకో దాంట్లో పడిపోయాడు.

నా మాట ముందే చెప్పేస్తాను. స్ట్రీమింగ్ బేరం డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీకి బ్రహ్మాండంగా గిట్టింది, అందులో నాకు పేచీ లేదు. కానీ టీవీ రెజ్లింగ్‌కు కొత్త ప్రేక్షకుడు ఎప్పుడూ వేరే పని మీద వచ్చి, తెరముందు ఆగిపోయినవాడే. దాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఆల్రెడీ అభిమానులు. స్ట్రీమింగ్ వాళ్ళను బాగా చూసుకుంటుంది. ఆగిపోయేవాడికి మాత్రం అక్కడ నిలబడే జాగా లేదు. మన దేశంలో, ముఖ్యంగా మా జిల్లాలాంటి చోట, ఉన్నదంతా తీసుకెళ్ళి ఒక్క నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టడం తప్పు లెక్క అంటాను.

"అయినా అదంతా ఉత్తదే కదా, ముందే మాట్లాడుకుని కొట్టుకుంటారు కదా" అనేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. సీరియల్‌లో అత్త నిజంగా విషం పెట్టదని తెలిసీ రోజూ ఏడున్నరకు కూర్చునే ఇళ్ళే మనవి.

డబ్బు సంగతి చూద్దాం. 2024 జనవరి 23న ప్రకటించిన ఒప్పందం పదేళ్ళకు 500 కోట్ల డాలర్లకు పైమాటే. ఏడాదికి 50 కోట్ల డాలర్లు, మన రూపాయల్లో నాలుగు వేల కోట్లు దాటుతుంది. అంతకుముందు రా కోసం అమెరికాలో యూఎస్ఏ నెట్‌వర్క్ ఏడాదికి ఇచ్చేది సుమారు 26.5 కోట్ల డాలర్లని అప్పట్లో వార్తలొచ్చాయి. కొత్త బేరంలో బయటి దేశాల హక్కులు కూడా కలిసున్నాయి కాబట్టి రెండూ సరిసమానంగా పోల్చలేం, అయినా పెరుగుదల చిన్నది కాదు. మొదటి షో 2025 జనవరి 6న లాస్ ఏంజెలెస్‌లో జరిగింది.

నెట్‌ఫ్లిక్స్‌కు కూడా ఇది తెలివైన కొనుగోలే. జనం ఒక సిరీస్ కోసం చందా కడతారు, అది అయిపోగానే తీసేస్తారు. వాళ్ళను నెల నెలా పట్టి ఉంచేది ఏదో ఒకటి కావాలి. క్రికెట్‌కు సీజన్ ఉంటుంది, ఫుట్‌బాల్‌కు సెలవులుంటాయి. రెజ్లింగ్‌కు అవేవీ లేవు. రా 1993 జనవరిలో మొదలైంది, సోమవారం వచ్చిందంటే షో ఉంటుంది. కరోనా కాలంలో కూడా ఖాళీ హాల్లో కొట్టుకున్నారు గానీ ఆపలేదు. ఏడాదికి 52 వారాలు తప్పకుండా వచ్చే లైవ్ ప్రోగ్రాం ఇంకేదుంది?

డబ్ల్యూడబ్ల్యూఈ ఈ దారిలోకి రావడం కూడా ఇప్పుడు కాదు. 2014 ఫిబ్రవరిలోనే నెలకు 9.99 డాలర్లకు సొంత నెట్‌వర్క్ పెట్టింది. అప్పటిదాకా ఒక్క రెజిల్‌మేనియా చూడాలంటేనే అమెరికావాళ్ళు 60 డాలర్ల దాకా కట్టేవాళ్ళు. అంత చవగ్గా ఇచ్చినా ప్రపంచం మొత్తం మీద చందాదారులు పదిహేను, ఇరవై లక్షల దగ్గరే తచ్చాడారు. చివరికి 2021లో అమెరికా హక్కులను ఐదేళ్ళకు 100 కోట్ల డాలర్లకు పైగా పీకాక్ అనే స్ట్రీమింగ్ యాప్‌కు ఇచ్చేసి చేతులు దులుపుకుంది. రెజ్లింగ్‌ను మాత్రమే కోరి, జేబులోంచి తీసి కట్టేవాళ్ళు ప్రపంచంలో ఎంతమందో ఆ ఏడేళ్ళలో తేలిపోయింది. అంతకు ఎన్నో రెట్ల మంది ఊరికే చూసేవాళ్ళు. ఆ ఊరికే చూసేవాళ్ళ గురించే నా గోలంతా.

నేనూ అట్లా చూసినవాణ్ణే. ప్రకాశం బజార్‌లో మేం పోయే కటింగ్ షాపులో మూలకు, పైన ఇనుప స్టాండు మీద టీవీ ఉండేది. 2004లో మన టీమ్ పాకిస్తాన్ పోయింది గుర్తుందా, ముల్తాన్‌లో సెహ్వాగ్ 309 కొట్టిన సిరీస్. దాని హక్కులు టెన్ స్పోర్ట్స్‌వి. క్రికెట్ కోసమే కేబుల్‌వాళ్ళ మీద పడి జనం ఆ ఛానల్ పెట్టించుకున్నారు. సిరీస్ అయిపోయింది, ఛానల్ మాత్రం అట్లనే ఉండిపోయింది. సాయంత్రం షాపులో గడ్డానికి సబ్బు నురగ పెట్టుకుని కూర్చున్న పెద్దాయన అద్దంలో తిరగబడి కనిపించే రెజ్లర్ ట్రిపుల్ హెచ్‌ను చూస్తూ, "ఆ సుత్తె ఎందుకట్ల పట్కొస్తడు వీడు?" అని అడిగేవాడు. షాపు అన్న కత్తి ఆపి, పైకి చూసి, ఎప్పటి నుంచో ఫాలో అవుతున్నవాడిలా మొత్తం కథ చెప్పేవాడు. వెనక బెంచీ మీద మేం. మా నంబర్ వచ్చినా "నువ్వు పో, నువ్వు పో" అని ఒకళ్ళనొకళ్ళు తోసుకునేవాళ్ళం, మ్యాచ్ మధ్యలో కుర్చీలోకి పోతే టీవీ సరిగ్గా కనపడదని.

ఇంట్లో కేబుల్ లేని పిల్లలకు కూడా పేర్లన్నీ తెలుసు. కార్డుల పుణ్యం అది. స్కూల్ బయట కొట్టులో ప్యాకెట్ అమ్మేవాళ్ళు. ఒక్కో కార్డు మీద రెజ్లర్ ఫొటో, కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్. బరువులాంటి వాటిలో పెద్ద అంకె ఉన్నవాడిదే గెలుపు. చేతిలో కొండంత బిగ్ షో పడ్డవాడు కళ్ళు మూసుకుని "వెయిట్" అనేవాడు, ఎదుటివాడు పొట్టి రే మిస్టీరియోను పట్టుకుని దిక్కులు చూసేవాడు. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడని మా క్లాసులో ఒకడు ఒట్టేసి చెప్పాడు. మిర్యాలగూడలో చదివిన మా బావ అదే ముచ్చట వాళ్ళ స్కూల్లో విన్నాడట. ఎవరు పుట్టించారో గానీ ఇంటర్నెట్ లేకుండానే దేశమంతా తిరిగిన వార్త అది. కంపెనీ పేరు 2002లోనే మారినా మేం ఇంకా చాలా ఏళ్ళు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే అన్నాం.

ఇందులో ఒక్కడూ చందా కట్టలేదు, ఒక్కడూ "ఇవాళ రెజ్లింగ్ చూద్దాం" అని ఇంట్లోంచి బయల్దేరలేదు. నారాయణపేట వైపు జాతరల్లో కుస్తీ పోటీలు పెడితే జరిగేదీ ఇదే. జనం వచ్చేది దేవుడికి, మొక్కులకు, గాజులకు, మిర్చి బజ్జీలకు. డప్పు వినపడితే గోదా దగ్గర ఆగుతారు. కాసేపట్లో ఎవరో తెలియని పహిల్వాన్ మనవాడైపోతాడు. ఆ గోదా చుట్టూ తడిక కట్టి టికెట్ పెడితే, పోటీలు ఎప్పుడూ చూసేవాళ్ళు కొనుక్కుని వస్తారు. పైసలు కూడా వస్తాయి. బజ్జీ తింటూ ఆగేవాడు మాత్రం రాడు.

ఇది నా ఒక్కడి చిన్నతనం ముచ్చట అనుకుంటే పొరపాటు. టీవీ రెజ్లింగ్ ఏ దేశంలో పుట్టినా ఇట్లాగే పుట్టింది. 1954 ఫిబ్రవరిలో జపాన్‌లో రికిడోజాన్ అమెరికా నుంచి వచ్చిన షార్ప్ బ్రదర్స్‌తో తలపడ్డప్పుడు అక్కడ టీవీ కొనగలిగిన ఇళ్ళు చాలా తక్కువ. టోక్యో వీధుల్లో, స్టేషన్ల ముందు ఛానల్‌వాళ్ళు పెట్టిన టీవీల చుట్టూ వేలమంది గుమిగూడారు. ఆఫీసు నుంచి ఇంటికి పోయే మనిషి ఆగి చూసి అభిమాని అయ్యాడు. 1940ల చివర అమెరికాలో టీవీ సెట్టు ఎక్కువమంది చూసింది బార్లలో. రింగు చిన్నది, కెమెరా ఒక్కటి చాలు, ఖర్చు తక్కువ కాబట్టి స్టేషన్లు రెజ్లింగ్ తెగ చూపించాయి. బంగారు రంగు జుట్టేసుకుని, వయ్యారంగా నడుస్తూ వచ్చే గార్జియస్ జార్జ్‌ను తిట్టడానికే జనం చూసేవాళ్ళు. బీరు తాగడానికి వచ్చినవాళ్ళే వాళ్ళంతా.

బ్రిటన్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఐటీవీలో శనివారం సాయంత్రం నాలుగింటికి, ఫుట్‌బాల్ ఫలితాలు రాకముందు, రెజ్లింగ్ వచ్చేది. ఫలితాల కోసం టీవీ పెట్టుకున్న ఇంటిల్లిపాదీ బిగ్ డాడీని, జైంట్ హేస్టాక్స్‌ను చూసేవాళ్ళు. ముసలమ్మలు ముందు వరుసలో కూర్చుని హ్యాండ్‌బ్యాగులతో విలన్లను బాదేవాళ్ళు. 1988 డిసెంబర్‌లో ఛానల్ దాన్ని ఆపేసింది. మల్లయోధులు ఎక్కడికీ పోలేదు, హాళ్ళూ పోలేదు. కానీ కొత్త ప్రేక్షకుడు రావడం ఆగింది, కొన్నేళ్ళకు హాళ్ళు పలచబడిపోయాయి. బ్రిటన్ రెజ్లింగ్ మళ్ళీ తేరుకోవడానికి చాలా కాలం పట్టింది.

అమెరికాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1990లలో డబ్ల్యూసీడబ్ల్యూ అనే పోటీ కంపెనీ ఒకటి ఉండేది. సోమవారం అదే టైముకు నైట్రో షో పెట్టి 83 వారాలు వరసగా రా షోను రేటింగుల్లో కొట్టింది. రెండు షోల మధ్య జనం చేతిలో ఉన్న ఆయుధం రిమోట్. 1999 జనవరి 4న నైట్రోలో కామెంటేటర్ ఎగతాళిగా, "అవతలి ఛానల్లో ఇవాళ మిక్ ఫోలీ చాంపియన్ అవుతున్నాడట" అని చెప్పేశాడు. రా ముందే రికార్డయింది కాబట్టి ఫలితం వాళ్ళకు తెలుసు. చూడకుండా ఆపుదామని చెప్పిన మాటకు లక్షలమంది అదే నిమిషంలో ఛానల్ మార్చి ఫోలీ గెలుపు చూశారు. రెండేళ్ళు తిరిగేసరికి డబ్ల్యూసీడబ్ల్యూను ఎవరో కొందామనుకున్నారు. సరిగ్గా అప్పుడే మాతృసంస్థ టర్నర్ ఛానళ్ళు రెజ్లింగ్ మాకొద్దని టైము తీసేశాయి. టీవీ టైము లేని రెజ్లింగ్ కంపెనీ ఎందుకని కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. 2001 మార్చిలో డబ్ల్యూడబ్ల్యూఈ అధిపతి విన్స్ మెక్‌మాన్ దాన్ని కారుచౌకగా కొనేశాడు. రెజ్లర్లున్నారు, బెల్టులున్నాయి, టేపులున్నాయి. ఛానల్లో టైము ఒక్కటే లేదు, దాంతో మొత్తం సరుకు విలువ పోయింది.

ఆ రిమోట్ పని స్ట్రీమింగ్‌లో లేదు. నెట్‌ఫ్లిక్స్ తెరిస్తే మనం ఇదివరకు చూసినదాన్ని బట్టే చాలావరకు ముందుకు తెచ్చి పెడుతుంది. మా ఇంట్లో కొరియా సీరియళ్ళు చూసే నా భార్య తెరమీద రెజ్లర్ బొమ్మ నేనెప్పుడూ చూడలేదు. కేబుల్లో అయితే ఆమె సీరియల్‌కు పోయే దారిలో నాలుగు స్పోర్ట్స్ ఛానళ్ళు దాటాల్సి వచ్చేది.

అయితే స్ట్రీమింగ్‌లో లాభాలు లేవనను. రా అమెరికాలో మామూలుగా సోమవారం రాత్రి ఎనిమిదింటికి. మనకది మంగళవారం పొద్దున ఐదున్నరో ఆరున్నరో, అక్కడి గడియారాలు మార్చుకునేదాన్ని బట్టి. ఆ టైముకు నల్లగొండలో పాలు, నీళ్ళు, పిల్లల స్కూల్ బాక్సులు. ఇప్పుడైతే రాత్రి తొమ్మిదికి భోజనం చేసి తాపీగా మొదటి నుంచి పెట్టుకోవచ్చు. నేను చేసేది అదే.

ఇంకో లాభం యాడ్స్. టీవీ రెజ్లింగ్ ఎట్లా తయారవుతుందో తెలిసినవాళ్ళకు ఇది పెద్ద విషయం. మ్యాచ్ ఊపందుకోగానే విలన్ హీరోను తాళ్ళ మీద నుంచి బయటికి విసిరేస్తాడు. హీరో కామెంటరీ టేబుల్ మీద పడతాడు, విలన్ చేతులు చాచి జనం వైపు చూసి నవ్వుతాడు, యాడ్స్. తిరిగొచ్చేసరికి విలన్ వెనకనుంచి హీరో గదుమ పట్టుకుని కూర్చుని ఉంటాడు. జనం చప్పట్లు కొడతారు, హీరో ఒక మోకాలు లేపుతాడు, మోచేత్తో పొట్టలో రెండు దెబ్బలు, లేస్తాడు. ఏళ్ళ తరబడి వేల మ్యాచ్‌లు ఇదే పోత. కారణం కథ కాదు, సబ్బుల కంపెనీ, కార్ల కంపెనీ. ఇప్పటికీ అమెరికాలో యాడ్స్ ఉన్నాయి కాబట్టి పోత పూర్తిగా పోలేదు. మనకు మాత్రం యాడ్స్ లేవు. అక్కడ యాడ్స్ కింద దాచిన ఆ నిమిషాల్లో రెజ్లర్లేం చేస్తారో చూస్తుంటే ఒక సరదా: ఊపిరి పీల్చుకోవడం, ఒకడి చెవిలో ఒకడు ఏదో అనడం, రిఫరీ చెవిలో మిషన్ సరిచేసుకోవడం. పైగా 2012 నుంచి మూడు గంటలు సాగదీసిన రా ఇప్పుడు అవసరం ఉన్నంతే ఉంటోంది, ఎక్కువసార్లు రెండున్నర గంటల చుట్టూ. పాత అభిమానిగా నాకిది పండగే. నా ఒక్కడికోసమే అయితే ఈ వ్యాసం రాయాల్సిన పనే లేదు.

పిల్లల సంగతికి వస్తే లెక్క మారిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ 149 రూపాయలు. కేబుల్ బిల్లు కంటే తక్కువే కదా అంటారు. కానీ ఇంట్లో కేబుల్ పెట్టించేది అమ్మ సీరియల్‌కు, నాన్న వార్తలకు. రెజ్లింగ్ దాంతోపాటు వచ్చేది, దానికంటూ ఎవరినీ పైసలు అడగనక్కర్లేదు. "నాన్నా, కొట్టుకునే ప్రోగ్రాం చూస్తా, నెలకు 149 కట్టు" అని అడిగి వీపు పగలకుండా బయటపడ్డ పిల్లవాణ్ణి నాకు చూపించండి. రీచార్జితో పాటు నెట్‌ఫ్లిక్స్ ఇచ్చే ప్యాకులున్నాయి, నిజమే. వాటిలో కొన్నింట్లో వచ్చేది ఈ మొబైల్ ప్లానే. ఈ ప్లాన్‌లో అసలు తిరకాసు ధర కాదు. ఒక్క ఫోన్ లేదా ట్యాబ్‌లోనే చూడాలి, టీవీకి పెట్టడం కుదరదు. టీవీలో కావాలంటే 199 ప్లాన్‌కు పోవాలి. 2023 జూలై నుంచి పాస్‌వర్డు పక్కింటికి ఇవ్వడం కూడా ఆపేశారు. పదిమంది బెంచీ మీద కూర్చుని చూసిన ఆట అరచేతిలోకి, ఒక్క జత కళ్ళ ముందుకు వచ్చింది. రెజ్లింగ్‌ను ఒంటరిగా చూడ్డం చాలా కష్టమండీ. పక్కన "వీడు మోసం చేస్తుండు చూడు" అని అరిచేవాడు లేకపోతే, ఇద్దరు పెద్ద మనుషులు చడ్డీలేసుకుని ఏం చేస్తున్నారా అనిపిస్తుంది.

"యూట్యూబ్ ఉంది కదా, అక్కడ అంతా ఫ్రీయే" అన్నది నాకు ఎదురయ్యే గట్టి వాదన. తీసిపారేసేది కాదు. డబ్ల్యూడబ్ల్యూఈ యూట్యూబ్ ఛానల్‌కు 10 కోట్లకు పైగా సబ్‌స్క్రైబర్లున్నారు, మనవాళ్ళూ తక్కువేం లేరు. దారినపోయేవాడు ఇప్పుడు అక్కడే ఆగుతున్నాడనొచ్చు. కానీ ఆగి ఏం చూస్తున్నాడు?

మిర్యాలగూడలో మా అక్క కొడుకు ఉన్నాడు, ఆరో తరగతి. దసరాకు పోతే ఫోన్ పట్టుకొచ్చాడు. "మామా, ఇగో చూడు, రోమన్ రెయిన్స్ స్పియర్ ఎట్ల కొట్టిండో." స్పియర్ అంటే పరుగెత్తుకొచ్చి భుజంతో పొట్టలో గుద్దడం. చూశాను, బాగుంది. "ఎవర్ని కొట్టిండురా?" అన్నాను. "జే ఉసో." "ఎందుకు కొట్టిండు?" వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "కొట్టిండు మామా. స్పియర్." ఆ ఇద్దరూ అన్నదమ్ముల వరస అని వాడికి తెలియదు. రోమన్ 2020 ఆగస్టు నుంచి 2024 ఏప్రిల్ దాకా 1,316 రోజులు బెల్టు పట్టుకుని కూర్చున్నాడు. ఆ మొత్తం కాలం నడిచింది ఒక కుటుంబ గొడవ. ఇంటికి పెద్దవాడెవరు, మిగతావాళ్ళు వాడి ముందు తల వంచాలా వద్దా అనేదే కథ. మన ఇళ్ళలో పొలం పంపకాలప్పుడు జరిగేదే. నేను అక్కడే చాప మీద కూర్చుని వాడికి ఆ కథ చెప్పాను. ఇరవై నిమిషాలు నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "ఇదంతా ఏడొస్తది మామా?" నెట్‌ఫ్లిక్స్ అన్నాను. "ఓహో" అని మళ్ళీ రీల్స్‌లోకి పోయాడు.

క్లిప్పు దెబ్బను చూపిస్తుంది. దెబ్బకు ముందున్న నెలలను చూపించదు. 2025 మార్చి 1న టొరంటోలో జాన్ సీనా విలన్‌గా మారిన ఘట్టం చూడండి. పాత స్టార్ రాక్ అడిగినదానికి అప్పటి చాంపియన్ కోడీ రోడ్స్ ఒప్పుకోడు. సీనా సంతోషపడి కోడీని కౌగిలించుకుంటాడు. కోడీ భుజం మీదుగా రాక్ వైపు చూస్తాడు. రాక్ బొటనవేలితో గొంతు కోసే సైగ చేస్తాడు. సీనా ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోతుంది, ఏ భావమూ ఉండదు, తర్వాత దొంగదెబ్బ. క్లిప్పులో ఇదంతా ఉంది. కానీ రెండు దశాబ్దాలకు పైగా ఒక్కసారి కూడా పక్కదారి పట్టని హీరో వాడు అన్నది క్లిప్పులో లేదు. అది చూసేవాడి దగ్గర ముందే ఉండాలి. ఆదివారం పొద్దున నా పాత స్నేహితుల వాట్సాప్ గ్రూపు అదిరిపోయింది, ఏళ్ళుగా గుడ్ మార్నింగ్ మెసేజ్ కూడా పెట్టనివాళ్ళు మాట్లాడారు. మా అక్క కొడుక్కి అది ఇంకో వీడియో. వాడి తప్పేముంది? మాకు సీనాను వారం వారం ఊరికే చూపించారు కాబట్టి మా దగ్గర ఆ నిల్వ ఉంది.

నన్ను బాగా ఆలోచింపజేసింది అమెరికాలో వాళ్ళేం చేశారన్నది. తమ సొంత గడ్డమీద అన్నీ నెట్‌ఫ్లిక్స్‌కు ఇచ్చారనుకుంటున్నారా? రా ఒక్కటే ఇచ్చారు. స్మాక్‌డౌన్ 2024 సెప్టెంబర్‌లో యూఎస్ఏ నెట్‌వర్క్‌కు, అంటే మామూలు కేబుల్‌కు, పోయింది. కొత్తవాళ్ళను తయారుచేసే ఎన్ఎక్స్‌టీని 2024 అక్టోబర్ నుంచి సీడబ్ల్యూలో పెట్టారు. అది యాంటెన్నా ఉంటే పైసా కట్టకుండా వచ్చే ఛానల్. ఎప్పుడో ఆపేసిన సాటర్డే నైట్స్ మెయిన్ ఈవెంట్‌ను 2024 డిసెంబర్‌లో మళ్ళీ తీసి ఎన్‌బీసీలో వేశారు, అదీ ఉచిత ఛానలే. పెద్ద షోలు పీకాక్ నుంచి 2025 సెప్టెంబర్‌లో ఈఎస్‌పీఎన్‌కు మారాయి, ఏడాదికి 32.5 కోట్ల డాలర్లట. వాళ్ళ పోటీ కంపెనీ ఏఈడబ్ల్యూ కూడా కేబుల్ వదల్లేదు. అదే షోను కేబుల్లోనూ హెచ్‌బీఓ మ్యాక్స్ యాప్‌లోనూ ఒకేసారి వేస్తోంది.

అంటే ఉచితంగా ఒకటి, కేబుల్లో ఒకటి, స్ట్రీమింగ్‌లో ఒకటి. దారిలో ఆగేవాడి కోసం అక్కడ కిటికీ తెరిచే పెట్టారు. కొత్త ముఖాలు కనపడాల్సిన ఎన్ఎక్స్‌టీనే ఉచిత ఛానల్లో పెట్టడం యాదృచ్ఛికం అనుకోను. బయటి దేశాలకు వచ్చేసరికి మొత్తం మూటగట్టి ఒకేచోట ఇచ్చేశారు. ఒక్క చెక్కు, ఒక్క సంతకం, పని సులువు. సోనీ, నెట్‌ఫ్లిక్స్‌ల మధ్య ఎవరు మంచివాళ్ళన్నది నాకు లెక్కలేదు. తమ దేశంలో అక్కర్లేదనుకున్న పద్ధతి మనకెందుకు సరిపోతుందనుకున్నారన్నదే నా ప్రశ్న.

క్రికెట్‌కు ఈ బాధ లేదు. 2007 చట్టం ప్రకారం దేశానికి ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ను దూరదర్శన్‌తో పంచుకోవాల్సిందే. రెజ్లింగ్‌కు అలాంటి చట్టం పెట్టమని ఎవరూ అడగరు, నేనూ అడగను, నవ్వుతారు. కంపెనీయే తన మేలుకోరి చేసుకోవాలి.

మేలు ఎందుకంటారా, 2023 సెప్టెంబర్ 8 గుర్తు చేసుకోండి. హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగింది. సీనా, సెత్ రాలిన్స్ ఒక జట్టుగా దిగారు. మా ఊరి నుంచి కూడా పోయారు. తిరిగొచ్చి రెండు రోజులు గొంతు లేదు వాళ్ళకు. అందరూ ముప్పై అటూ ఇటూ వయసువాళ్ళే, కొందరు పిల్లల్ని వెంటబెట్టుకుపోయారు. ఆ టికెట్లు కొన్న డబ్బు ఎక్కడ పుట్టింది? కటింగ్ షాపుల్లో, కిరాయి ఇళ్ళ ముందు గదుల్లో, ఊరికే చూసిన సాయంత్రాల్లో. అవి వేసిన ఇరవై ఏళ్ళకు పంట చేతికొచ్చింది. ఇప్పుడు చేస్తున్నది ఆ పంట కోత. కొత్తగా విత్తేది ఏది?

ఈ ఒప్పందంలో ఐదేళ్ళకు బయటికి పోయే వీలు నెట్‌ఫ్లిక్స్‌కుంది. అంటే 2030 దగ్గర మళ్ళీ లెక్కలు తీస్తారు. 2025లో రా చాలా వారాలు ప్రపంచం మొత్తం మీద 30 లక్షల వ్యూస్ చుట్టూ తిరిగింది. మంచి అంకెలే గానీ, నెట్‌ఫ్లిక్స్‌కు 30 కోట్లకు పైగా చందాదారులున్నారన్నది పక్కన పెట్టుకుని చూడాలి. అందులో ఎక్కువమంది నాలాంటి పాతకాపులేనని నా అనుమానం.

నేనడిగేది పెద్దదేం కాదు. వారానికి ఒక్క గంట, సోనీకో ఇంకెవరికో, వీలైతే డీడీ ఫ్రీ డిష్‌లో వచ్చే ఏ ఛానల్‌కైనా ఇవ్వండి. ఎన్ఎక్స్‌టీ అయినా పర్లేదు, రా ముక్కలు కలిపి చేసింది అయినా పర్లేదు. శనివారం సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య అయితే మంచిది, ట్యూషన్లు అయిపోయి పిల్లలు ఇంట్లో, జనం కటింగ్ షాపులో ఉండే టైము. కామెంటరీ తెలుగులో ఉండాలి. 2021లో తెలుగు, తమిళం కోసమని సోనీ ప్రత్యేకంగా ఒక స్పోర్ట్స్ ఛానలే పెట్టిందంటే ఆ అవసరం వాళ్ళకు కనపడబట్టే కదా. హిందీ ఉంది కదా అంటే, మా అక్క కొడుక్కి హిందీ తిట్లే వచ్చు. రెజ్లింగ్‌లో సగం మాటలే, ఎవడు ఎవణ్ణి ఎందుకు రమ్మంటున్నాడో అర్థం కాకపోతే మిగిలేది మళ్ళీ స్పియరే.

లైవ్ నెట్‌ఫ్లిక్స్‌కే ఉంచుకోనీండి, చందా కట్టినవాళ్ళకు ముందుగా చూసే ఆ వీలు దక్కాల్సిందే. ఊరికే ఇచ్చేది వారం పాతదైనా నష్టం లేదు. టెన్ స్పోర్ట్స్ రోజుల్లో అమెరికాలో అయిపోయిన రా మాకు ఎన్నో రోజులు ఆలస్యంగా వచ్చేది. అది పాతదని మాకు తెలియదు, తెలిసినా కటింగ్ షాపు బెంచీ మీద నుంచి ఒక్కడు కూడా లేచేవాడు కాదు.